మెయిన్‌ఫ్రేమ్ ముద్రణ మళ్లింపు సాఫ్ట్‌వేర్‌ను ఆధునీకరించే పద్ధతి

ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన జెడ్ ఓఎస్ మీద నడిచే బ్యాచ్ ప్రోగ్రాములు సాధారణంగా తమ నివేదికలను నేరుగా ప్రింటరుకు పంపవు. వాటిని జెస్2 అనే జాబుల నిర్వహణ భాగం నడిపే స్పూల్‌లో (ఔట్‌పుట్ వేచి ఉండే తాత్కాలిక నిల్వలో) రాసి, క్లాసు, డెస్టినేషన్, ఫారం పేరు వంటి గుర్తులు తగిలించి వదిలేస్తాయి. ఆ గుర్తులను బట్టి ఔట్‌పుట్‌ను ఏరుకుని నెట్‌వర్క్ ప్రింటరుకో, ఫైలుకో, ఈమెయిలుకో చేర్చేదే మళ్లింపు సాఫ్ట్‌వేర్. దీన్ని మార్చేటప్పుడు జాబులను నడిపించే ఆదేశాల భాష అయిన జేసీఎల్ జోలికి పోకూడదన్నది మొదటి నియమంగా పెట్టుకోవాలి. వేలాది జాబులలో రాసి ఉన్న డెస్టినేషన్ పేర్లే అప్లికేషన్లకూ ముద్రణ వ్యవస్థకూ మధ్య ఉన్న ఒప్పందం కాబట్టి, ఆ పేర్లు ఇప్పటి ప్రింటర్లకు సరిపోలకపోయినా, చూడటానికి అర్థంపర్థం లేనివిగా ఉన్నా, వాటిని అలాగే ఉంచి వాటి వెనక ఉన్న యంత్రాంగాన్ని మాత్రమే మార్చడం క్షేమం.

ముందుగా ఎక్కడ ఏది ముద్రితమవుతున్నదో లెక్క తీయాలి. పాత కాన్ఫిగరేషన్ ఫైలు ఈ పనికి చాలదు, ఎందుకంటే అందులో మూలనపడిన ప్రింటర్లు కూడా బతికే ఉంటాయి. స్పూల్ నుంచి తీసి ముద్రించే ఔట్‌పుట్ రైటర్లు రాసే ఎస్ఎంఎఫ్ (వ్యవస్థ కార్యకలాపాల నమోదు) 6వ రకం రికార్డులను క్లాసు, ఫారం, గమ్యం వారీగా విడదీస్తే నిజంగా జరుగుతున్న ముద్రణ బయటపడుతుంది. మీ పాత సాఫ్ట్‌వేర్ ఆ రికార్డులను రాస్తున్నదో లేదో ముందే సరిచూసుకోవాలి. ఏడాదికొకసారి మాత్రమే వచ్చే వార్షిక నివేదికలు తప్పిపోకుండా కనీసం పన్నెండు నెలల రికార్డులు తీసుకోవాలి. అప్పటికీ లెక్క పూర్తికాదు. సీఐసీఎస్, ఐఎంఎస్ వంటి ఆన్‌లైన్ వ్యవస్థల ముద్రణలో కొంత స్పూల్‌ను తాకకుండా వీటామ్ అనే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ ద్వారా ప్రింటర్ ఎల్‌యూకు (నెట్‌వర్క్‌లో ప్రింటర్‌కు ఉన్న చిరునామా బిందువుకు) నేరుగా వెళ్తుంది. అది ఎల్‌యూ 1 రకమైతే ఎస్‌సీఎస్ అనే ప్రింటర్ అదుపు సంకేతాల రూపంలో, ఎల్‌యూ 3 రకమైతే 3270 టెర్మినళ్ల డేటా స్ట్రీమ్ రూపంలో ఉంటుంది. ఈ రెండింటికీ వేర్వేరు అనువాదకాలు అవసరమవుతాయి.

పాత సాఫ్ట్‌వేర్‌లో స్పూల్ నుంచి ఏరుకోవడం, రూపం మార్చడం, గమ్యానికి చేర్చడం అనే మూడు పనులు తరచుగా ఒకే ప్రోగ్రాములో కలగలిసి ఉంటాయి. వాటిని విడదీసి, ప్రతి భాగాన్నీ విడిగా ఆపగలిగేలా, విడిగా పరీక్షించగలిగేలా కట్టాలి. ఏరుకునే భాగం ఇంకా పీఎస్ఓ అనే పాత ఇంటర్‌ఫేస్‌ను, అంటే ప్రోగ్రాములు జెస్2ను పిలిచే సబ్‌సిస్టమ్ ఇంటర్‌ఫేస్‌లోని 1వ కోడ్‌ను వాడుతుంటే, దాన్ని 79వ కోడ్‌తో పిలిచే సాపీ అనే తరువాతి ఇంటర్‌ఫేస్‌కు మార్చాలి. ఎంపిక ప్రమాణాలు సాపీలో చాలా విస్తృతంగా ఉంటాయి, పైగా ఒకే అడ్రస్ స్పేస్ నుంచి అనేక టాస్కులు ఏకకాలంలో ఔట్‌పుట్ తీసుకోవచ్చు. ఈ భాగానికి ఇంతకుమించి శ్రమ అక్కరలేదు.

అసలు కష్టం రూపం మార్చడంలో ఉంది. పీడీఎఫ్ చేసేస్తే సరిపోతుందని సమావేశాలలో తేలికగా అనేస్తారు గాని, ప్రతి రికార్డు మొదటి బైటులో ఉండే క్యారేజ్ కంట్రోల్‌ను, అంటే కాగితాన్ని ఎంత జరపాలో చెప్పే గుర్తును, సరిగ్గా అర్థం చేసుకోనిదే ఒక్క పేజీ కూడా సరిగా రాదు. ఏఎస్ఏ అనే అక్షర గుర్తుల పద్ధతిలో ఖాళీ అక్షరం ఉంటే ఒక వరుస, సున్నా ఉంటే రెండు, మైనస్ ఉంటే మూడు వరుసలు దిగి ముద్రించాలి. ప్లస్ ఉంటే కదలకుండా ముందటి వరుసపైనే ముద్రించాలి. ఒకటి ఉంటే కొత్త పేజీకి వెళ్లాలి. యంత్ర సంకేతాల పద్ధతిలో ఈ క్రమం తిరగబడి, ముద్రణ ముందు, కదలిక తరువాత జరుగుతుంది. హెక్సాడెసిమల్ 09 ముద్రించి ఒక వరుస, 11 రెండు, 19 మూడు వరుసలు దిగుతుంది. 89 ముద్రించి కొత్త పేజీకి వెళ్తుంది. 8బీ ఏమీ ముద్రించకుండానే వెళ్తుంది. ఈ రెండు పద్ధతులలో ఏది వాడారో డేటాసెట్ రికార్డు ఫార్మాట్‌లోని ఏ, ఎం అక్షరాలు చెబుతాయి. ఒకదాన్ని మరొకటిగా భ్రమపడితే వరుసలు అటూ ఇటూ జరిగి, ముందే అచ్చువేసిన ఫారం మీద అంకెలు గడుల బయట పడతాయి. మొదటి బైటు 5ఏ అయితే అది మామూలు వరుస కాదు, ఏఎఫ్‌పీ అనే ఐబీఎం పేజీ వర్ణన పద్ధతి నిర్మాణానికి చెందిన రికార్డు. అటువంటివాటిని ఓవర్లేలు, ఫాంట్లు, ఫారం డెఫినిషన్లతో సహా ఏఎఫ్‌పీ మార్పిడి సాధనానికి అప్పగించాలి.

ప్లస్ గుర్తు విషయంలో మరికొంత జాగ్రత్త కావాలి. వరుస ముద్రణ యంత్రాల మీద ఒకే మాటను రెండుసార్లు కొట్టి ముదురు అక్షరాలుగానూ, కింద గీతలు కొట్టి అండర్‌లైన్‌గానూ చూపేవారు. దీన్ని యథాతథంగా పీడీఎఫ్‌లోకి తెస్తే అక్షరాలు ముదురుగా కనిపించవు సరికదా, ఆ ఫైలులో వెతికేవారికి ప్రతి మాటా రెండేసిసార్లు దొరుకుతుంది. అందుచేత వరుసలను కాసేపు ఆపి పోల్చి, పునరావృతమైతే బోల్డ్ ఫాంటుగా, గీతలైతే అండర్‌లైన్‌గా మార్చడం మంచిది. అలాగే మొదటి రికార్డులోనే కొత్త పేజీ ఆదేశం ఉండే నివేదికలు చాలా ఉంటాయి కనుక, పేజీ మీద ఏదైనా ముద్రితమయ్యాకే ఫారం ఫీడ్ పంపాలి. లేకుంటే ప్రతి నివేదిక ముందూ ఒక తెల్లకాగితం వస్తుంది.

కాగితం కొలతలను కూడా లెక్క వేసుకోవాలి. అంగుళానికి పది అక్షరాల చొప్పున 132 అక్షరాలకు 13.2 అంగుళాల వెడల్పు కావాలి, అడ్డంగా పెట్టిన ఏ4 కాగితం వెడల్పు 11.7 అంగుళాలే. పన్నెండు అక్షరాల చొప్పున అయితే 11 అంగుళాలలో ఇమిడి, అంచులకు కొద్ది చోటు మిగులుతుంది. నిలువునా 66 వరుసలను అంగుళానికి ఎనిమిది చొప్పున వేస్తే 8.25 అంగుళాలు పడుతుంది, కాగితం ఎత్తు 8.27 అంగుళాలు మాత్రమే కాబట్టి చివరి వరుసలు ప్రింటర్ ముద్రించలేని అంచులో పడిపోతాయి. తొమ్మిది వరుసల చొప్పున వేసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

మెయిన్‌ఫ్రేమ్ వాడే అక్షర సంకేతాలైన ఎబ్సిడిక్ నుంచి అక్షరాలను మార్చడానికి ఒకే పట్టిక అన్ని నివేదికలకూ సరిపోదు. చదరపు బ్రాకెట్లు 037 కోడ్ పేజీలో (అక్షర సంకేతాల పట్టికలో) ఒకచోట, 1047లో మరోచోట ఉంటాయి. 1140 కోడ్ పేజీ చూపుకు 037లాగే ఉన్నా, 9ఎఫ్ స్థానంలో యూరో గుర్తును పెట్టుకుంది. కాబట్టి కోడ్ పేజీని సాఫ్ట్‌వేర్ మొత్తానికి ఒకటిగా కాక, గమ్యం లేదా ఫారం వారీగా నిర్ణయించే వీలుండాలి.

చేరవేసే భాగంలో పాత సాఫ్ట్‌వేర్ ఎక్కువగా ఎల్‌పీడీ అనే నెట్‌వర్క్ ముద్రణ ప్రోటోకాల్‌ను వాడుతుంది. 1990లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 1179 అనే ఇంటర్నెట్ పత్రం దాన్ని వివరిస్తుంది, 515వ పోర్టులో సర్వర్ వింటుంది. పంపేవారి పోర్టు 721 నుంచి 731 మధ్యనే ఉండాలన్న నిబంధన వల్ల, దాన్ని కచ్చితంగా పాటించే చోట పదకొండు పోర్టులూ నిండిపోయి, రద్దీ వేళల్లో క్యూ నిలిచిపోతుంది. డేటా కంటే ముందు దాని పరిమాణం చెప్పవలసి ఉండటంతో, మార్పిడి పూర్తయిన ఫైలును ఎక్కడో దాచి కొలిచాకే పంపగలం. అన్నిటికంటే పెద్ద లోపం ఏమిటంటే, సర్వర్ పంపే అంగీకారానికి డేటా అందిందన్నంత వరకే అర్థం, కాగితం బయటికి వచ్చిందని కాదు. ప్రింటర్ అనుమతిస్తే 631వ పోర్టు మీద పనిచేసే ఐపీపీ అనే ముద్రణ ప్రోటోకాల్‌కు మారడం మేలు. అది ప్రతి ముద్రణకూ ఒక జాబు సంఖ్య ఇస్తుంది. ఆ సంఖ్యతో అడిగితే జాబు వేచి ఉన్నదో, ఆగిపోయిందో, పూర్తయిందో చెబుతుంది. టీఎల్ఎస్ ద్వారా రహస్యంగానూ పంపవచ్చు.

స్పూల్ నుంచి ఔట్‌పుట్‌ను ఎప్పుడు తొలగించాలన్నదానిని ఈ సమాచారం మీదే ఆధారపరచాలి. పంపగానే తొలగించే సాఫ్ట్‌వేర్ ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్న రోజున నివేదికను పోగొడుతుంది. జవాబు రాలేదని గుడ్డిగా మళ్లీ పంపేది చెక్కులను రెండుసార్లు అచ్చువేస్తుంది. ప్రతి ఔట్‌పుట్‌కూ జాబు, డేటాసెట్ గుర్తులతో ఒక నమోదు ఉంచి, పంపడం మొదలైంది, అందింది, పూర్తయింది అన్న స్థితులను డిస్కు మీద రాసిన తరువాతే తొలగింపు జరగాలి. మధ్యలో తెగిపోయిన చెక్కుల వంటి ఫారాలను తనంతట తాను మళ్లీ పంపకుండా ఆపరేటర్ నిర్ణయానికి వదలాలి.

మెయిన్‌ఫ్రేమ్‌లో రాక్ఎఫ్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌లోని జెస్‌స్పూల్ తరగతి కాపాడిన నివేదిక, మార్పిడి కోసం వేరే సర్వర్‌కు చేరిన క్షణం నుంచి ఆ రక్షణ కోల్పోతుంది. తాత్కాలిక ఫైళ్ల అనుమతులను, వాటిని తుడిచేసే సమయాన్ని మొదటి రోజే నిర్ణయించుకోవాలి.

మార్పును ఒక్కొక్క గమ్యం చొప్పున, తక్కువ ప్రాముఖ్యం ఉన్నవాటితో మొదలుపెట్టి చేయాలి. ప్రయోగ కాలంలో ఆ క్లాసుకు ఔట్‌డిస్ప్‌ను (ముద్రించాక ఔట్‌పుట్‌ను ఏం చేయాలో చెప్పే అమరికను) కీప్‌గా పెడితే, పాత సాఫ్ట్‌వేర్ ముద్రించాక కూడా ఔట్‌పుట్ స్పూల్‌లో నిలిచి ఉంటుంది, దాన్నే కొత్తదానికి ఇచ్చి రెండు ఫలితాలనూ పోల్చవచ్చు. అయితే పాత ప్రోగ్రాము తొలగించమని తానే ఆదేశిస్తున్నదేమో ముందు చూడాలి, స్పూల్ నిండిపోకుండా రోజూ గమనించాలి. పోలిక వరుసల పాఠంతో ఆగకుండా పేజీల సంఖ్యనూ, ఫారం మీద అంకెలు పడిన చోటునూ చూడాలి. వార్షిక నివేదికల కోసం కిందటి ఏడాది ఔట్‌పుట్ భద్రపరిచి ఉంటే దాన్ని తిరిగి స్పూల్‌లోకి ఎక్కించి ఇప్పుడే పరీక్షించాలి. అది లేనప్పుడు, ఆ గమ్యాలను వచ్చే వార్షిక ముగింపు దాటేవరకు పాత సాఫ్ట్‌వేర్ కిందనే ఉంచాలి.