ర్యాక్ సర్వర్‌లో ప్రాసెసర్ మార్చాక వచ్చే సమస్యలు: లక్షణం, కారణం, పరిష్కారం

కొత్త ప్రాసెసర్ పెట్టాక సర్వర్ లేవకపోతే అందరూ ముందు ఆ ప్రాసెసర్‌నే అనుమానిస్తారు. నిజానికి ప్రాసెసర్ చెడిపోయి రావడం అరుదు. బయోస్ (సర్వర్‌ను లేపే, బోర్డు మీది ప్రోగ్రామ్) వెర్షన్, ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లో వంగిన పిన్ను, హీట్‌సింక్ బిగింపు, ఈ మూడింట్లోనే చాలావరకు గుట్టు దొరుకుతుంది. కాబట్టి మళ్లీ విప్పే ముందు డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీఈలో ఐఎల్‌వో లాంటి మేనేజ్‌మెంట్ కంట్రోలర్‌లోకి (సర్వర్‌ను దూరం నుంచి చూసుకోవడానికి బోర్డు మీదే ఉండే చిన్న విడి కంప్యూటర్, దీన్నే బీఎంసీ అంటారు) లాగిన్ అయి ఈవెంట్ లాగ్ చదవండి. సర్వర్ బూట్ కాకపోయినా పవర్ కేబుల్ తగిలించి ఉంటే చాలు, అది పనిచేస్తుంది. డెల్ సర్వర్ లాగ్‌లో సీపీయూ0005 అని ఉంటే ఆ కాన్ఫిగరేషన్‌కు సపోర్ట్ లేదని, సీపీయూ0001 అని ఉంటే వేడెక్కి ఆగిపోయిందని అర్థం. మొదటిదానికి బయోస్, మోడల్ నంబర్ చూడాలి. రెండోదానికి హీట్‌సింక్ చూడాలి.

లక్షణం: ఫ్యాన్లు ఫుల్ స్పీడ్‌లో తిరుగుతున్నాయి, డిస్‌ప్లే మాత్రం రావడం లేదు

ఎక్కువసార్లు ఇది బయోస్ సమస్యే. డెల్ ఆర్730నే తీసుకోండి. అది జియాన్ ఇ5-2600 వి3, వి4 రెండింటినీ తీసుకుంటుంది. కానీ వి3 కాలం నాటి బయోస్‌కు వి4 అంటే ఏమిటో తెలియదు, దాని మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి పనిని నడిపే చిన్న కోడ్) అందులో లేదు. పాత ప్రాసెసర్ తిరిగి పెట్టి, ముందు మేనేజ్‌మెంట్ ఫర్మ్‌వేర్, తర్వాత బయోస్ అప్‌డేట్ చేసి, అప్పుడు కొత్తది పెట్టండి. బయోస్ మరీ పాతదైతే నేరుగా చివరి వెర్షన్‌కు దూకకుండా మధ్య వెర్షన్ ఒకటి ఎక్కించాలేమో రిలీజ్ నోట్స్‌లో చూసుకోండి. చాలా సర్వర్లలో ఐడ్రాక్ లాంటి చోట నుంచి ఫైల్ ఎక్కించినా అసలు రాత తర్వాతి బూట్‌లోనే జరుగుతుంది. అంటే పనిచేసే ప్రాసెసర్ ఒకటి అందులో ఉండి తీరాలి. కొన్ని బోర్డుల్లో మాత్రం సర్వర్ ఆఫ్‌లో ఉండగానే బీఎంసీ బయోస్‌ను రాసేయగలదు. పని మొత్తం అయ్యేదాకా పాత ప్రాసెసర్‌ను ఎవరికీ ఇవ్వకండి.

బయోస్ తాజాదే అయినా బూట్ కాకపోతే మోడల్ నంబర్‌ను అక్షరం వదలకుండా చదవండి. సాకెట్ పేరు కలిసినంత మాత్రాన సరిపోదు. ఎల్‌జీఏ 2011 సాకెట్‌లో పనిచేసే ఇ5-2600 వి2 డీడీఆర్3 మెమరీ వాడే ప్రాసెసర్. ఎల్‌జీఏ 2011-3 బోర్డుకు అది పనికిరాదు. ఇంటెల్ జియాన్లలో 2020 నాటి కూపర్ లేక్, 2021 నాటి ఐస్ లేక్ రెండూ 4189 కాంటాక్టులవే అయినా ఒకదాని బోర్డులో ఇంకోటి నడవదు. ఏఎండీ ఎస్పీ3 సాకెట్‌లో ఎపిక్ 7001, 7002, 7003 మూడు తరాలున్నాయి. 7001 కోసం వచ్చిన కొన్ని తొలి బోర్డుల్లో బయోస్ చిప్ 16 ఎంబీదే. 7002 బయోస్ అందులో పట్టదు, బోర్డు రివిజన్ మారితే తప్ప దారి లేదు. పట్టిన బోర్డులోనూ పీసీఐఈ (కార్డులు తగిలించే స్లాట్ల లింకు) సాధారణంగా జెన్ 3 వేగానికే ఆగుతుంది.

వాడిన ఎపిక్ కొనేవాళ్లు ఇంకో సంగతి తప్పక కనుక్కోవాలి. ప్లాట్‌ఫామ్ సెక్యూర్ బూట్ (తయారీదారు సంతకం ఉన్న బయోస్‌నే నడవనిచ్చే రక్షణ) ఆన్ చేసిన సర్వర్‌లో ఒకసారి బూట్ అయిన ఎపిక్ ఆ తయారీదారు కీకి శాశ్వతంగా కట్టుబడిపోతుంది. లోపలి ఫ్యూజులే కాలిపోతాయి కాబట్టి వెనక్కి తిప్పే మార్గం లేదు. వేరే కంపెనీ బోర్డులో అది పూర్తిగా మూగబోతుంది. ప్రాసెసర్ ఏ కంపెనీ సర్వర్‌లోంచి తీశారో అమ్మేవాళ్లను ముందే అడగండి.

ఇంజనీరింగ్ శాంపిల్స్ (అమ్మకానికి ముందు పరీక్షల కోసం చేసిన ప్రాసెసర్లు) జోలికి వెళ్లకపోవడమే మేలు. ఇంటెల్ ప్రాసెసర్ మూత మీద ఎస్ఆర్‌తో మొదలయ్యే కోడ్‌కు బదులు క్యూతో మొదలయ్యేది ఉంటే అది శాంపిలే. బ్రాండెడ్ సర్వర్ల బయోస్‌లో దాని మైక్రోకోడ్ సాధారణంగా ఉండదు.

లక్షణం: బూట్ అయింది, కానీ కొన్ని డిమ్ములు (ర్యామ్ పట్టీలు) కనిపించడం లేదు

నిన్నటిదాకా పనిచేసిన డిమ్ములు ప్రాసెసర్ మార్చగానే మాయమైతే ర్యామ్‌ను నిందించకండి. మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది. ఒక ఛానల్ (ప్రాసెసర్ నుంచి కొన్ని డిమ్ములకు వెళ్లే దారి) తీగలు సాకెట్‌లో కొన్ని పిన్నుల గుండానే వెళ్తాయి. ఆ పిన్నుల మీద ఒత్తిడి చాలకపోతే ఆ ఛానల్ మొత్తం పోతుంది. పీసీఐఈ కార్డు ఎక్స్16కు బదులు ఎక్స్8లో నడుస్తున్నా ఇదే మూలం కావచ్చు.

డిమ్మును వేరే స్లాట్‌లోకి మార్చి చూడండి. సమస్య డిమ్ముతో వెళితే డిమ్ముది, స్లాట్ దగ్గరే ఉండిపోతే సాకెట్‌ది. సాకెట్‌దైతే హీట్‌సింక్ విప్పి, టార్క్ డ్రైవర్‌తో మళ్లీ బిగించండి. ఎల్‌జీఏ 3647కు టీ30 బిట్, సుమారు 1.4 న్యూటన్ మీటర్లు. ఎల్‌జీఏ 4189కు అదే బిట్, సుమారు 0.9. ఎస్పీ3కి టీ20 బిట్, సుమారు 1.5. ఎస్పీ3 ఫ్రేమ్ మీద మూడు స్క్రూలకు అంకెలుంటాయి: బిగించేటప్పుడు 1, 2, 3, విప్పేటప్పుడు 3, 2, 1. ఒక మూల పూర్తిగా బిగించాక రెండోదాని దగ్గరికి వెళ్తే ప్రాసెసర్ ఒరుగుతుంది, ఎదురు మూలన ఛానల్ పోతుంది. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు, టార్క్ డ్రైవర్ కొనడం దండగ ఖర్చు కానే కాదు.

బిగింపు సరిచేసినా మారకపోతే ప్రాసెసర్ తీసి, సాకెట్ మీద టార్చ్‌ను ఏటవాలుగా, రెండు వైపుల నుంచీ వేసి చూడండి. సరిగ్గా ఉన్న పిన్నుల కొసలు వరుసగా ఒకే తీరున మెరుస్తాయి. వంగినచోట ఆ వరుస తెగి నల్లటి చుక్కలా కనిపిస్తుంది. సన్నటి సూదితో, లేదా లెడ్ తీసేసిన 0.5 మి.మీ. మెకానికల్ పెన్సిల్‌తో మెల్లగా ఒక్కసారే సరిచేయాలి. అటూ ఇటూ వంచితే పిన్ను విరుగుతుంది. ప్రాసెసర్ అడుగున కాంటాక్టుల మీద పేస్ట్ మరక ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి.

లక్షణం: రెండో ప్రాసెసర్‌ను గుర్తించడం లేదు

రెండూ ఒకే మోడల్ అయి ఉండాలి. స్టెప్పింగ్ (అదే మోడల్‌లో చిప్ సవరణ నంబరు) కూడా ఒకటే ఉంటే ఇంకా మంచిది. ఇ5-1600 వరుసలో ప్రాసెసర్ల మధ్య లింకే లేదు. ఎపిక్ పేరు చివర పి ఉంటే, ఉదాహరణకు 7402పి, అది ఒంటరిగానే పనిచేస్తుంది. జియాన్ స్కేలబుల్‌లో యూ అక్షరం కూడా అదే చెబుతుంది. రెండో ప్రాసెసర్‌కు దాని సొంత స్లాట్లలో డిమ్ములు సమానంగా వేయండి, లేకపోతే అది ప్రతిదానికీ మొదటిదాని మెమరీ దగ్గరికి పోవాల్సి వస్తుంది. ఒకే ప్రాసెసర్‌తో వచ్చిన సర్వర్‌లో ఫ్యాన్లూ తక్కువే ఉంటాయి. హెచ్‌పీఈ డీఎల్380 జెన్9లో 4 ఉంటాయి, రెండో ప్రాసెసర్‌తో 6 కావాలి.

లక్షణం: నడుస్తోంది, కానీ పాతదానికంటే నెమ్మది

లోడ్ ఇచ్చినా ఇ5 వి3, వి4 ప్రాసెసర్ 1.2 గిగాహెర్ట్జ్ దగ్గరే నిలబడిపోతే అది కనిష్ఠ వేగంలో ఇరుక్కుందని. ఉష్ణోగ్రత చూడండి. 85 వాట్ల ప్రాసెసర్‌కు ఇచ్చిన చిన్న హీట్‌సింక్ మీద 145 వాట్లది పెడితే అది ఊపిరాడక వేగం తగ్గించుకుంటుంది. 1యూ (ర్యాక్‌లో ఒకే యూనిట్ ఎత్తు ఉండే) సర్వర్లలో ఇది మరీ ఎక్కువ. ఎయిర్ ష్రౌడ్ (గాలిని ప్రాసెసర్ మీదికి మళ్లించే కవచం), ఖాళీ స్లాట్ల బ్లాంకులు తిరిగి పెట్టారా చూసుకోండి. ఉష్ణోగ్రత బాగుంటే పవర్ క్యాప్ (కరెంటు వాడకంపై పెట్టిన పరిమితి), ఒక పవర్ సప్లై ఫెయిల్ కావడం, బయోస్ అప్‌డేట్‌లో పవర్ ప్రొఫైల్ డిఫాల్ట్‌కు వెళ్లడం, ఈ వరుసలో వెతకండి. 495 వాట్ల సప్లైలు రెండున్నచోట మొత్తం వాడకం 495 దాటితే రిడండెన్సీ (ఒకటి చెడితే రెండోదే మొత్తం మోయగలగడం) పోయినట్టే.

మెమరీ వేగమూ ప్రాసెసర్‌ను బట్టే. జియాన్ గోల్డ్ 6200 వరుసది తీసి సిల్వర్ 4200 వరుసది పెడితే 2933 వేగం డిమ్ములు 2400కు దిగుతాయి.

లక్షణం: హార్డ్‌వేర్ అంతా బాగుంది, ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర తేడా

బయోస్ అప్‌డేట్‌కు ముందు బిట్‌లాకర్‌ను (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) సస్పెండ్ చేయకపోతే రికవరీ కీ అడుగుతుంది. వీఎంవేర్ వీస్పియర్ క్లస్టర్‌లో వేరువేరు తరాల ఇంటెల్ ప్రాసెసర్లుంటే ఈవీసీ (అన్ని ప్రాసెసర్లనూ ఒకే తరంలా చూపించే సెట్టింగ్) పెట్టాలి. ఇంటెల్ నుంచి ఏఎండీకి నడుస్తున్న వీఎం (వర్చువల్ మెషీన్) వెళ్లదు, ఆపి తరలించాల్సిందే. విండోస్ సర్వర్ లైసెన్స్ కోర్ల లెక్కన ఉంటుంది (ప్రాసెసర్‌కు కనీసం 8, సర్వర్‌కు కనీసం 16), కోర్లు పెరిగితే లైసెన్సూ పెంచాలి.

లైనక్స్‌లో ఎక్కువమందిని కంగారు పెట్టేది నెట్‌వర్క్. రెండో ప్రాసెసర్ చేరగానే పీసీఐ బస్ నంబర్లు మారవచ్చు. ఆ నంబర్లతో పేరు పెట్టుకున్న ఇంటర్‌ఫేస్ పేరు మారిపోయి, సర్వర్ బూట్ అయినా పింగ్‌కు పలకదు. కన్సోల్‌లోంచి లోపలికి వెళ్లి కొత్త పేరు చూసి కాన్ఫిగరేషన్ మార్చండి. ముందే మ్యాక్ అడ్రస్ ఆధారంగా కాన్ఫిగర్ చేసి ఉంచితే ఈ తిప్పలే ఉండవు.