ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) పరిశోధకుల పేపర్లు, సైటేషన్ల లెక్క సరిగ్గా తీయడం ఎలా?

గూగుల్ స్కాలర్‌లో పేరు కొట్టడం, పక్కన కనిపించిన హెచ్-ఇండెక్స్‌ను రాసేసుకోవడం. ప్రమోషన్ ఫైళ్లలో, అవార్డు దరఖాస్తుల్లో జరుగుతున్నది ఇదే. హెచ్-ఇండెక్స్ అంటే పేపర్ల సంఖ్యనూ, వాటికి వచ్చిన సైటేషన్లనూ (ఇతర పేపర్లు వాటిని ఉదహరించిన సార్లనూ) కలిపి చూపే అంకె. ఇలాంటి లెక్కలు చూసి చూసి విసుగొచ్చింది. అంకె తప్పితే ఒకరికి దక్కాల్సింది ఇంకొకరికి పోతుంది. కాబట్టి ఓపిగ్గా చేయండి.

ముందుగా ఒక ఎక్సెల్ షీటు, ఆ పరిశోధకుల సీవీ, వారి 16 అంకెల ఆర్కిడ్ నంబరు (పరిశోధకుల గుర్తింపు సంఖ్య) దగ్గర పెట్టుకోండి. పబ్‌మెడ్ అనే వైద్య పేపర్ల డేటాబేస్ అందరికీ ఉచితమే. సైటేషన్లు లెక్కపెట్టే స్కోపస్ లేదా వెబ్ ఆఫ్ సైన్స్ డేటాబేస్ పూర్తిగా వాడాలంటే చందా కట్టిన లైబ్రరీకి వెళ్లాలి. షీటులో మొదటి కాలమ్ డీఓఐకే (ప్రతి పేపరుకూ ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్యకే) ఇవ్వాలి, పేపరు పేరుకు కాదు. ఒకే పేపరు రెండుసార్లు ఎక్కితే డీఓఐ వెంటనే పట్టిస్తుంది. పేరులో ఒక్క కామా తేడా ఉన్నా మీ కన్ను దాటిపోతుంది.

తర్వాత అన్నిచోట్లా వెతికి, దొరికినవన్నీ షీటులో పోయండి. ఇప్పుడే ఏరివేత మొదలుపెట్టకండి.

అసలు కష్టం ఇక్కడి నుంచే. ఈ పేపర్లన్నీ ఒకే మనిషివేనా? ఇంటిపేరూ ఇనిషియలూ కలిసే పరిశోధకులు ఎందరో ఉంటారు. పబ్‌మెడ్‌లో రచయితల పూర్తి పేర్లు చేర్చడం 2002 నుంచే మొదలైంది. అంతకుముందు పేపర్లకు ఇంటిపేరు, ఇనిషియళ్లే ఆధారం. దీనికి రివర్స్ సమస్య కూడా ఉంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినా, పేరు ముందువెనకలైనా స్కోపస్ ఒకే మనిషికి రెండు మూడు ప్రొఫైళ్లు ఇచ్చేస్తుంది. ఒకదాన్ని చూసి ఆగిపోతే సగం పని కనిపించకుండా పోతుంది.

అనుమానం ఉన్న ప్రతి పేపరునూ తెరిచి మూడు విషయాలు చూడండి: సహరచయితలు, పనిచేసిన సంస్థ, సంవత్సరం. వీటిలో కనీసం రెండు కలవాలి. కలవకపోతే ఆ వరుసకు పసుపు రంగు వేసి, వీలుంటే ఆ పరిశోధకులనే అడగండి. విషయాన్ని మాత్రం కొలమానంగా పెట్టుకోవద్దు. ఫార్మకాలజీ వాళ్లు కెమిస్ట్రీలో, టాక్సికాలజీలో, క్లినికల్ ట్రయల్స్‌లో కూడా రాస్తారు. "ఇది కెమిస్ట్రీ జర్నల్, ఈయనది అయ్యుండదు" అని కొట్టేస్తే మంచి పని పోతుంది.

పెద్ద ట్రయల్స్ దగ్గర ఇంకా జాగ్రత్త. పబ్‌మెడ్ రచయితలను వేరుగా, కొలాబరేటర్లను (ట్రయల్‌లో సహకరించినవాళ్లను) వేరుగా చూపిస్తుంది. కొలాబరేటర్ల జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన రచయిత అయిపోరు. షీటులో అలాంటి వాటికి వేరే కాలమ్ పెట్టండి. ఆర్కిడ్‌లో ఉంది కదా అని కళ్లు మూసుకుని నమ్మకండి. అందులో ఎక్కువ భాగం పరిశోధకులే నింపుకుంటారు, నింపనివీ ఉంటాయి. గూగుల్ స్కాలర్ ప్రొఫైల్ అయితే ఆటోమేటిక్‌గా పేపర్లు చేర్చుకుంటుంది కాబట్టి ఇతరులవీ వచ్చి పడతాయి. పైగా అది థీసిస్‌లను, ప్రిప్రింట్లను (జర్నల్ సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టిన పేపర్లను) కూడా లెక్కపెడుతుంది. అందుకే తుది అంకె దాని నుంచి తీసుకోకూడదు. వెతకడానికి అది మంచిదే, లెక్కకు పనికిరాదు.

ఏరివేత అయ్యాక మిగతాది తేలిక. సైటేషన్లు ఎక్కువ నుంచి తక్కువకు పేర్చండి. వరుస నంబరు సైటేషన్ల సంఖ్యను దాటకుండా ఎంతవరకు వస్తే అదే హెచ్-ఇండెక్స్. 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హె హిర్ష్ ఇచ్చిన లెక్క ఇది. ఏ డేటాబేస్, ఏ తేదీ అన్నది పక్కనే రాయాలి. అవి లేని హెచ్-ఇండెక్స్‌ను నేను ఒప్పుకోను. స్వీయ సైటేషన్లు (తన పేపర్లను తానే ఉదహరించినవి) తీసేసిన అంకె కూడా ఇవ్వండి. జర్నళ్ల ఇంపాక్ట్ ఫ్యాక్టర్లను కూడి మొత్తం చూపించే అలవాటు మాత్రం మానేయండి. అది జర్నల్ సైటేషన్ల సగటు, ఆ పేపరు ప్రభావం కాదు.

సైటేషన్లు దేనికి వచ్చాయో కూడా చూడాలి. ప్రొటీన్‌ను కొలిచే పద్ధతి మీద ఆలివర్ లోరీ బృందం 1951లో రాసిన పేపరుకు 2014 నాటికే 3 లక్షలకు పైగా సైటేషన్లు వచ్చాయి. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ ఫార్మకాలజీ విభాగానికి ఒకప్పుడు అధిపతి ఆయన. మందుల పరిశోధనలో అలాంటి పద్ధతుల పేపర్లు, రివ్యూలు (ఇతరుల పరిశోధనలను సమీక్షించే పేపర్లు) అంకెను బాగా పెంచుతాయి. వాటికి తప్పనిసరిగా వేరే కాలమ్ పెట్టి, అసలు ప్రయోగాల పేపర్లను విడిగా చూపించండి. వేర్వేరు రంగాలవాళ్లను పోల్చాల్సి వస్తే స్కోపస్‌లోని ఫీల్డ్-వెయిటెడ్ సైటేషన్ ఇంపాక్ట్ వాడండి. అందులో 1 అంటే అదే రంగం, అదే సంవత్సరం, అదే రకం పేపర్ల ప్రపంచ సగటు.

ఫైలు పంపే ముందు ప్రతి డీఓఐనీ వెనక్కి తీసుకున్న పేపర్లను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో వెతకండి. వెనక్కి తీసుకున్న పేపర్లకూ సైటేషన్లు వస్తూనే ఉంటాయి. అలాంటిది దొరికితే షీటు నుంచి చెరిపేయకండి. ఎర్ర రంగు వేసి, కారణం రాసి, దాన్ని వదిలేసి హెచ్-ఇండెక్స్ మళ్లీ కట్టండి.