మూడు తెరల మీద విరిగిన క్షితిజరేఖ: నా అనుభవం

కంప్యూటర్లో విమానం నడిపే సిమ్యులేటర్ ఎక్స్-ప్లేన్ 12లో సెస్నా 172 అనే చిన్న విమానంతో శంషాబాద్‌లో దిగడం నాకు చాలా ఇష్టం. చివరి మలుపులో రన్‌వే ఎడమ కిటికీలోంచి కనబడాలి, అందుకే 27 అంగుళాల మానిటర్లు మూడు పెట్టాను. తీరా చూస్తే పక్క తెరల్లో బొమ్మంతా సాగిపోయింది, క్షితిజరేఖ అతుకుల దగ్గర విరిగినట్టు ఉంది.

తప్పు నాదే. గ్రాఫిక్స్ డ్రైవర్‌లో మూడింటినీ కలిపి 5760 × 1080 తెరగా చేశాను. అలా చేస్తే సిమ్యులేటర్ ఒకే చదునైన బొమ్మ గీస్తుంది. నా పక్క మానిటర్లేమో లోపలికి తిరిగి ఉన్నాయి. ఆ కలపడం తీసేసి, సిమ్యులేటర్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ఒక్కోదానికి విడిగా వ్యూ ఇచ్చాను.

కోణాలు మాత్రం ఊహించి పెట్టకండి, టేపు తీసుకుని కొలవండి. నా తెర వెడల్పు 60 సెం.మీ., కంటి నుంచి దూరం 70. సగం వెడల్పు 30ని 70తో భాగిస్తే వచ్చే టాంజెంట్‌కి కోణం దాదాపు 23 డిగ్రీలు. రెట్టింపు చేస్తే 46, అదే ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే ఒక్కో తెరలో కనబడే దృశ్యం కోణం. పక్క తెరల ఆఫ్‌సెట్‌కి, అంటే మధ్య తెర నుంచి వాటి చూపు ఎంత పక్కకి తిరగాలో ఆ కోణానికి, అంచు చట్రం కూడా కలపాలి. నాది ఒక్కో వైపు సెంటీమీటరు, కాబట్టి 30 బదులు 31తో అదే లెక్క వేస్తే ఎడమకి మైనస్ 48, కుడికి 48. బల్ల మీద మానిటర్లను కూడా అంతే కోణంలో తిప్పాను.

సిమ్యులేటర్ మాత్రం ఇంకా కొంచెం ఆగి ఆగి నడిచేది. చూస్తే ఒక కేబుల్ మదర్‌బోర్డు పోర్టులో ఉంది! గ్రాఫిక్స్ కార్డుకి మార్చాక అదీ పోయింది. నిన్న సాయంత్రం ఎడమకి తిరిగితే రన్‌వే ఎడమ తెరలోంచి మధ్య తెరలోకి ఎక్కడా వంగకుండా వచ్చింది.