ఫాలౌట్ షెల్టర్ మొదలుపెడుతున్నారా? తొందరపడకండి

2015లో వచ్చిన ఫ్రీ గేమ్ ఇది, అణుయుద్ధం తర్వాత భూమి కింద వాల్ట్ (దాక్కునే బంకర్) కట్టి జనాన్ని బతికించాలి. ఆడినవాళ్లలో చాలామంది అనేదేంటంటే, మొదట్లో వదలబుద్ధి కాదు, గదులన్నీ కట్టేశాక మాత్రం బోర్ కొడుతుంది. నాదీ అదే మాట. అందుకే నెమ్మదిగా ఆడండి.

ముందు కరెంటు. అది తగ్గిందంటే దూరంగా ఉన్న గదులు ఆగిపోతాయి, వాటిలో నీళ్ల గదో వంటగదో ఉంటే ఇక చూస్కోండి. స్ట్రెంగ్త్ (బలం) ఎక్కువున్నవాళ్లని కరెంటుకి, అజిలిటీ (చురుకుదనం) వాళ్లని వంటకి, పర్సెప్షన్ (గమనించే శక్తి) వాళ్లని నీళ్లకి పెట్టాలి. ఒకేరకం గదులు మూడు పక్కపక్కన కడితే కలిసిపోతాయి, అప్‌గ్రేడ్ ఆ తర్వాతే చేయండి, క్యాప్స్ (గేమ్‌లో డబ్బు) మిగుల్తాయి.

వాల్ట్‌లోవాళ్లతో వరసగా పిల్లల్ని కనేలా చేస్తే తిండి చాలదు (ఈ తప్పు నేను రెండుసార్లు చేశా). రష్ (గదిలో పని వెంటనే పూర్తిచేసే బటన్) నొక్కేముందు రిస్క్ శాతం చూడండి, ఫెయిలైతే మంటలైనా, బొద్దింకలైనా వచ్చి పడతాయి. 30 దాటితే నేనైతే ముట్టుకోను. లంచ్‌బాక్సులు (బహుమతుల డబ్బాలు) డబ్బుపెట్టి కొనక్కర్లేదు, ఆబ్జెక్టివ్స్ (గేమ్ ఇచ్చే చిన్న పనులు) పూర్తిచేస్తే అప్పుడప్పుడు అవే వస్తాయి. రాత్రి పడుకునేముందు గట్టి మనిషికి మంచి తుపాకీ, స్టిమ్‌ప్యాక్‌లు (గాయాలు మాన్పే మందు) ఇచ్చి వాల్ట్ బయటికి పంపండి, గేమ్ మూసేసినా తిరుగుతూనే ఉంటాడు.