ఇల్లు కొనేముందు తనిఖీ – 4వ పాఠం: గోడలో చెమ్మ ఎక్కడిది?

గత పాఠంలో పైకప్పు, పిట్టగోడ చూశాం. ఈసారి చెమ్మ.

తనిఖీ రిపోర్టుల్లో తరచూ కనబడే వాక్యం ఒకటుంది: "పడగ్గది గోడకు చెమ్మ ఉంది." దీన్ని పట్టుకుని బేరమాడలేం. నీరు ఎక్కడి నుంచి వస్తోందో తేలితేనే అది ఒక పూట పనో, బాత్రూం నేలంతా పగలగొట్టే పనో తెలుస్తుంది. అందుకే ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు మీరూ పక్కనే ఉండండి. ప్రతి మరక దగ్గరా "ఇది ఎక్కడి నీరు? ఎలా చెప్పగలుగుతున్నారు?" అని అడగండి. ఆయన జవాబు సరైనదో కాదో పోల్చుకోవాలంటే మీకూ మరక చదవడం కొంత రావాలి.

నేలలోంచి ఎక్కే చెమ్మ గోడ అడుగున మొదలై మామూలుగా మీటరు ఎత్తు దాటదు. పై అంచు అడ్డంగా, వంకరటింకర గీతలా ఉంటుంది. ఆ గీత దగ్గర తెల్లటి ఉప్పు పొడి వేలికి అంటుతుంది. ఇటుకలోని సన్నటి రంధ్రాల గుండా పైకి పాకే నీరు లవణాలను కూడా మోసుకొస్తుంది. నీరు ఆరిపోయిన చోట ఉప్పు మిగిలి, గడ్డకట్టి, పెయింటునూ పుట్టీనీ లోపలి నుంచి తోస్తుంది. పొక్కులు, పెచ్చులు అందుకే.

ఇది చూడగానే "పునాది మీద వేసిన డీపీసీ (నేల తేమ గోడలోకి ఎక్కకుండా ఆపే పొర) పోయింది" అనేస్తారు. తొందరపడకండి, ముందు బయటికి వెళ్లి అదే గోడ వెనక చూడండి. బయటి నేల ఆ తేమ నిరోధక పొర కంటే కనీసం 15 సెంటీమీటర్లు కిందుండాలి. పూలమొక్కల కోసం మట్టి పోసో, కొత్తగా బండలు పరిచో నేలను ఎత్తు చేసి ఉంటే, నీరు ఆ పొరను దాటుకుని లోపలికి వస్తుంది. అప్పుడు గోడలోకి తేమ ఆపే మందు ఎక్కించాల్సిన పని లేదు, మట్టి తీసేస్తే చాలు.

వాన చెమ్మ వేరేలా ఉంటుంది. కిటికీ మూలల్లో, సజ్జ గోడను కలిసే చోట మచ్చలు మచ్చలుగా వచ్చి, వాన వెలిశాక కొన్నాళ్లకు పలచబడుతుంది. సజ్జ అంచు అడుగున వేలితో తడిమి చూడండి. అంచుకు కాస్త లోపలగా సన్నటి గాడి తగలాలి. నీటి బొట్టు అక్కడ తెగి కింద పడిపోవడానికే ఆ గాడి. అది లేకపోయినా, పెయింటుతో పూడిపోయినా నీరు అడుగు వెంబడే పాకి గోడలోకి చేరుతుంది.

ఏ కాలంలోనైనా ఒకేలా ఉండే మరకైతే పైపులను అనుమానించండి. కుళాయిలన్నీ కట్టేసి, వాటర్ మీటరు అంకె రాసుకుని, అరగంట తర్వాత మళ్లీ చూడండి. కదిలితే ఎక్కడో కారుతోంది. అయితే ముందు ఫ్లష్ ట్యాంకులో రంగు కలిపి అరగంట ఆగండి. ఫ్లష్ చేయకుండానే రంగు కమోడ్‌లోకి దిగితే ఆ ట్యాంకు వాల్వు కారుతున్నట్టే. దాని నీటి సరఫరా కట్టేసి అప్పుడు మీటరు చూడాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. నీరు ముందు మిద్దె మీది ట్యాంకుకు ఎక్కి అక్కడి నుంచి దిగే ఇంట్లో మీటరు ఇంటి లోపలి పైపుల సంగతి చెప్పదు. ట్యాంకులోకి వచ్చే వాల్వు కట్టేసి, నీటిమట్టానికి గుర్తు పెట్టి చూడాలి.

బాత్రూం నేల కింద వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతింటే మాత్రం మీటరుకు దొరకదు. దానికి నీళ్లు నిలబెట్టే పరీక్షే దారి. యజమాని అనుమతితో డ్రెయిన్ బిగించి, గడప దాటకుండా సుమారు 25 మిల్లీమీటర్ల నీరు నింపి, మట్టం గుర్తు పెట్టి, 24 గంటలు వదిలేయాలి. ఆవిరై కొంచెం తగ్గడం మామూలే. కింది గది పైకప్పు ముందు, తర్వాత ఫొటోలు తీసుకోండి. రెండు గంటల తనిఖీలో ఇది కుదరదు కాబట్టి ముందే మాట్లాడుకోవాలి.

బీరువా వెనక, బయటి గోడల మూలల్లో ఉప్పూ గీతా లేకుండా నల్లటి బూజు చుక్కలు ఉంటే అది గదిలోని ఆవిరే కావచ్చు. అల్యూమినియం ఫాయిల్ ముక్కను నాలుగు అంచులూ గోడకు అంటించి ఒకటి రెండు రోజులు ఉంచండి. తడి గది వైపు పడితే గాలిలోది, గోడ వైపు పడితే గోడలోది.

ఇక గోడ తేమను కొలిచే మీటరు అంకెలు. సూదులుండే తేమ మీటరు స్కేలు సాధారణంగా చెక్కను బట్టి తయారైనది. ప్లాస్టరు మీద దాని అంకెను శాతంగా తీసుకోకూడదు. పైగా గోడలో ఉప్పుంటే అంకె అబద్ధంగా పెరుగుతుంది. అందువల్ల ఒక్క అంకె ఉన్న రిపోర్టును ఒప్పుకోవద్దు. అదే గోడలో పొడిగా ఉన్న భాగపు అంకె కూడా పక్కన ఉండాలి. థర్మల్ కెమెరా కూడా చూపేది ఉష్ణోగ్రతనే, నీటిని కాదు. చల్లటి మచ్చ కనబడిన చోట మీటరు పెట్టి నిర్ధారించుకోవాలి.

ఇంట్లో ఒక్క గోడకే కొత్త పెయింటు ఉన్నా, ఒక గదిలో మాత్రం నడుము ఎత్తుకు చెక్క ప్యానెల్ కొట్టి ఉన్నా, ఎందుకని అడగండి.

అమ్మేవారికి ఒక మాట. మూలం ఆపిన వెంటనే గోడ ఆరదు. 25 మిల్లీమీటర్ల మందానికి సుమారు నెల పడుతుందని మోటు లెక్క. తొమ్మిదంగుళాల గోడకు అది తొమ్మిది నెలల దాకా పోతుంది. అమ్మకానికి పెట్టే వారం ముందు పూసిన పెయింటు కొనేవారి కళ్లముందే పొక్కుతుంది. దాని బదులు రిపేరు బిల్లు, పని జరుగుతుండగా తీసిన ఫొటోలు చూపించి "ఇంకా ఆరుతోంది" అని చెప్పేయడం నయం.

అభ్యాసం: మీరుంటున్న ఇంట్లోనే బాత్రూంకు ఆనుకున్న గోడ ఒకటి ఎంచుకోండి. నేల నుంచి 20 సెంటీమీటర్లకొకటి చొప్పున మీటరున్నర ఎత్తు దాకా పెన్సిల్ చుక్కలు పెట్టండి. తేమ మీటరు దొరికితే ప్రతి చుక్క దగ్గరా అంకె రాయండి, లేకపోతే వేలి కణుపుతో తట్టి బోలు శబ్దం వచ్చిన చోటు గుర్తించండి. అంకె పైకి పోయేకొద్దీ క్రమంగా తగ్గుతోందా, కుళాయి ఎత్తులో ఒక్కసారిగా పెరుగుతోందా అన్నది కాగితం మీద గీసుకోండి. 5వ పాఠం, పగుళ్లకు వచ్చేసరికి ఆ కాగితం దగ్గరుండాలి.