కొత్త జీఎన్‌ఎస్‌ఎస్ రిసీవర్‌ను సర్వే పనికి తీసుకునే ముందు పరీక్షించే విధానం

భూమి కొలిచే పనిలో, ఉపగ్రహ సంకేతాలతో స్థానాన్ని లెక్కించే జీఎన్‌ఎస్‌ఎస్ రిసీవర్ వల్ల కలిగే ఇబ్బందులు రెండు రకాలు. ఫిక్స్ (సెంటీమీటరు స్థాయి స్థాన నిర్ధారణ) దొరకడం లేదని తెరమీద చూపించి ఆగిపోవడం మొదటిది. దానివల్ల సర్వేయరుకు విసుగు కలుగుతుంది, కొంత సమయం పోతుంది, అంతకుమించిన నష్టం లేదు. ఫిక్స్ దొరికిందనీ, లోపం ఒకటిన్నర సెంటీమీటరు మించదనీ చూపిస్తూనే అసలు స్థానానికి అర మీటరు దూరంలో బిందువును నమోదు చేయడం రెండోది. ఆ తప్పు పని స్థలంలో ఉన్నంతసేపు కంటికి కనబడదు, హద్దురాయి పాతిన తర్వాతో, పటం చేతులు మారిన తర్వాతో బయటపడుతుంది. అందుకే కొత్త పరికరం ఎంత సూక్ష్మంగా కొలుస్తుందో చూడటం కంటే, ఫిక్స్ అన్నప్పుడు దాని మాటను ఎంతవరకు నమ్మవచ్చో తేల్చుకోవడానికే పరీక్ష సమయంలో ఎక్కువ భాగం కేటాయించాలి.

ముందుగా బ్రోచర్‌ను సరిగ్గా చదవాలి. ఆర్‌టీకే పద్ధతిలో, అంటే తెలిసిన చోట నిలిపిన బేస్ రిసీవర్ నుంచి అప్పటికప్పుడు సవరణలు అందుకుని కొలిచే పద్ధతిలో, అడ్డంగా 8 మి.మీ. + 1 పీపీఎం, నిలువుగా 15 మి.మీ. + 1 పీపీఎం అన్న అంకెలు చాలా తయారీదారుల పత్రాల్లో దాదాపు ఒకేలా కనిపిస్తాయి. పీపీఎం అంటే బేస్ నుంచి ప్రతి కిలోమీటరు దూరానికి ఒక మిల్లీమీటరు చొప్పున కలుపుకోవాలని అర్థం. బేస్ 10 కిలోమీటర్ల దూరంలో ఉంటే అడ్డం లోపం 18 మి.మీ.కు చేరుతుంది. ఈ అంకెలు సాధారణంగా ఆర్‌ఎంఎస్ విలువలు. అంటే సుమారు మూడింట రెండు వంతుల కొలతలు మాత్రమే ఆ హద్దులోపల ఉంటాయి. ఎత్తుల విషయంలో నూటికి 95 కొలతలకు వర్తించే హద్దు కావాలంటే 15 మి.మీ.ను దాదాపు 30 మి.మీ.గా చదువుకోవాలి. పైగా ఇవన్నీ ఆకాశం నాలుగు వైపులా తెరిచి ఉన్న చోట, అయనావరణం (వాతావరణంలోని విద్యుదావేశ పైపొర) ప్రశాంతంగా ఉన్న వేళ వర్తించే మాటలు. ఛానళ్ల (ఒక్కో సంకేతాన్ని పట్టుకునే మార్గాల) సంఖ్యను చూసి ఆకర్షితులు కావలసిన పని లేదు. ఒక సమయంలో కనిపించే ఉపగ్రహాలు నలభై యాభై, ఒక్కొక్కదాని నుంచి వాడుకునే సంకేతాలు మూడో నాలుగో అనుకున్నా రెండు వందల ఛానళ్లు సరిపోతాయి. 1400 ఛానళ్లు ఉన్నాయన్న ప్రకటన కొలత నాణ్యత గురించి ఏమీ చెప్పదు. ఛానళ్లకు బదులు అడగవలసింది ఏయే పౌనఃపున్యాలను స్వీకరిస్తుందన్నది. జీపీఎస్ ఎల్1, ఎల్2లతో పాటు 1176.45 మెగాహెర్ట్జ్‌లోని ఎల్5, గెలీలియో, బైడూ అనే ఐరోపా, చైనా ఉపగ్రహ కూటముల సంకేతాలు అందుకుంటేనే కొత్త రిసీవర్‌కు పాతదానిమీద నిజమైన మొగ్గు ఉంటుంది.

తరువాతి పని పరీక్షా స్థలాన్ని సిద్ధం చేసుకోవడం. ఆకాశం తెరిపిగా ఉన్న చోట, 2 మీటర్ల నుంచి 20 మీటర్ల మధ్య దూరంలో రెండు స్థిరమైన బిందువులను ఏర్పాటు చేసి, వాటి మధ్య అడ్డం దూరాన్ని కోణాలు, దూరాలు కొలిచే టోటల్ స్టేషన్‌తోనూ ఎత్తుల తేడాను లెవెల్‌తోనూ 3 మి.మీ. కంటే మెరుగైన సూక్ష్మతతో కొలిచి ఉంచాలి. వీటికి తోడు, కోఆర్డినేట్లు నమ్మకంగా తెలిసిన కంట్రోల్ పాయింట్ ఒకటి, ఎత్తు నమ్మకంగా తెలిసిన బెంచ్‌మార్క్ ఒకటి కావాలి. చివరగా, పని అలవాటుగా చెడే చోట్లలో, అంటే గుబురు చెట్టు కింద, ఎత్తైన గోడ పక్కన, రేకుల కప్పు దగ్గర మరికొన్ని బిందువులు పెట్టి, వాటి కోఆర్డినేట్లను తెరిపి స్థలంలోని కంట్రోల్ నుంచి టోటల్ స్టేషన్‌తో తెచ్చుకోవాలి. ఈ చివరి పనికి ఒక పూట పడుతుంది, చాలామంది దాన్ని దాటవేస్తారు. అయితే అసలు స్థానం తెలియని చోట రిసీవర్ తప్పు చెప్పిందో ఒప్పు చెప్పిందో తేల్చే మార్గమే లేదు.

రిసీవర్ బిగించే పోల్‌ను సరిచూడకుండా రిసీవర్‌ను నిందించడం కూడా తరచుగా జరుగుతుంది. పోల్ నిలువుగా ఉందో లేదో చూపే బబుల్ ఒక డిగ్రీ తప్పుగా ఉంటే 2 మీటర్ల పోల్ పైభాగం 35 మి.మీ. పక్కకు జరుగుతుంది, బ్రోచర్ వాగ్దానం చేసిన 8 మి.మీ. అందులోనే మునిగిపోతుంది. బైపాడ్ (రెండు కాళ్ల ఆధారం) మీద పోల్‌ను నిలిపి, దాన్ని నిలువు అక్షం మీద 180 డిగ్రీలు తిప్పి చూసి, బుడగ మధ్యలోనే ఉంటేనే పరీక్ష మొదలుపెట్టాలి. ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్‌ను, ఎలివేషన్ మాస్క్‌ను (ఏ కోణానికి దిగువనున్న ఉపగ్రహాలను వదిలేయాలన్న హద్దును), యాంటెన్నా ఎత్తును ఏ బిందువు నుంచి కొలిచారన్న వివరాన్ని కాగితం మీద రాసి ఉంచాలి, ఎందుకంటే వీటిలో ఏది మారినా అంతకుముందు వచ్చిన ఫలితాలతో పోల్చడం కుదరదు.

తెరిపి స్థలంలో చేసే పరీక్షకు ఐఎస్‌ఓ 17123-8 ప్రమాణం మంచి దారి చూపుతుంది. రెండు బిందువులనూ వెంటవెంటనే కొలిస్తే అది ఒక సెట్. సుమారు 5 నిమిషాల ఎడంతో అలాంటి ఐదు సెట్లు తీస్తే ఒక సిరీస్ పూర్తవుతుంది. క్లుప్త పరీక్షకు ఒక సిరీస్ చాలు. పూర్తి పరీక్షకు మూడు సిరీస్‌లు కావాలి, వాటి ప్రారంభ సమయాల మధ్య కనీసం 90 నిమిషాల ఎడం ఉండాలి. ఉపగ్రహాల అమరిక మారడానికే ఆ ఎడం. రేపు ఇదే వేళకు వచ్చి మళ్లీ కొలుద్దామనుకుంటే ప్రయోజనం తక్కువ, ఎందుకంటే జీపీఎస్ ఉపగ్రహాలు ప్రతిరోజూ దాదాపు 4 నిమిషాలు ముందుగా అదే అమరికకు తిరిగి వస్తాయి. నిన్నటి లోపమే ఈరోజూ కనిపించి, నిలకడ అన్న భ్రమ కలిగిస్తుంది. క్లుప్త పరీక్షలో ప్రతి సెట్‌కూ వచ్చిన దూరాన్ని తెలిసిన దూరంతో పోల్చినప్పుడు, తేడా ఆర్‌ఎంఎస్ విలువకు సుమారు మూడున్నర రెట్లు మించకూడదు. 8 మి.మీ. పరికరానికి ఆ హద్దు 28 మి.మీ.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. బేస్ కోఆర్డినేట్‌లో గానీ, యాంటెన్నా ఎత్తులో గానీ పొరపాటు ఉంటే అది రెండు బిందువులకూ సమానంగా చేరి, వాటి మధ్య తేడా తీసినప్పుడు చెరిగిపోతుంది. ఫలితాలు చక్కగా ఉంటాయి, స్థానం మాత్రం తప్పుగా ఉంటుంది. తెలిసిన కంట్రోల్ పాయింట్ మీదా, బెంచ్‌మార్క్ మీదా విడిగా కొలిచి చూడమనేది ఇందుకే.

ఇక అసలు పరీక్షకు వద్దాం. ఎల్1 తరంగదైర్ఘ్యం దాదాపు 19 సెం.మీ. ఉపగ్రహానికీ రిసీవర్‌కూ మధ్య ఎన్ని పూర్తి తరంగాలు ఉన్నాయో పూర్ణ సంఖ్యగా తేల్చుకున్నప్పుడే పరికరం ఫిక్స్ అంటుంది. చెట్ల ఆకుల మధ్య నుంచి తెగి తెగి వచ్చే సంకేతాలు, గోడలకు తగిలి ఆలస్యంగా చేరే సంకేతాలు ఆ లెక్కను పక్కదారి పట్టించగలవు. ఒక్క ఉపగ్రహం విషయంలో సంఖ్య ఒకటి తప్పినా స్థానం సెంటీమీటర్ల నుంచి డెసిమీటర్లకు జారిపోతుంది. అనుమానం కలిగినప్పుడు ఫ్లోట్‌లోనే, అంటే ఆ పూర్ణ సంఖ్య ఇంకా తేలలేదన్న స్థితిలోనే, ఆగిపోయే జాగ్రత్త కొన్ని ఫర్మ్‌వేర్లకు ఉంటుంది. కొన్ని మాత్రం త్వరగా ఫిక్స్ చూపించి కొనేవారిని మెప్పించాలని చూస్తాయి. ప్రదర్శన రోజున ఈ రెండో రకమే మెరుగ్గా కనిపిస్తుంది.

పరీక్ష ఇలా చేయాలి. చెట్టు కింది బిందువు మీద పోల్‌ను బైపాడ్‌తో నిలిపి, రిసీవర్‌ను నడిపే చేతి పరికరమైన కంట్రోలర్‌లోని రీసెట్ ఆదేశంతో ఫిక్స్‌ను పూర్తిగా వదిలించి, మళ్లీ ఫిక్స్ రావడానికి పట్టిన సెకన్లను, వచ్చిన కోఆర్డినేట్లను, ఆ క్షణాన పరికరం స్వయంగా చూపిన లోపం అంచనాను నమోదు చేయాలి. ఒక్కో బిందువు మీద కనీసం యాభై సార్లు, రోజులో వేర్వేరు వేళల్లో ఇది జరగాలి. ఒక నిర్ణీత వ్యవధిలో, ఉదాహరణకు 3 నిమిషాల్లో ఫిక్స్ రాకపోతే దాన్ని విఫలంగా రాసుకోవాలే తప్ప వదిలేయకూడదు. తరువాత ప్రతి ఫిక్స్‌కూ అసలు స్థానంతో తేడా లెక్కించి, ఆ తేడాను పరికరం చూపిన అంచనాతో పోల్చాలి. పరికరం 2 సెం.మీ. అంటే అసలు తేడా 3 సెం.మీ. ఉండటం సహజమే, 2 సెం.మీ. అన్నచోట 40 సెం.మీ. తేడా ఉంటే అది తప్పుడు ఫిక్స్. అలాంటివి యాభైలో ఎన్ని వచ్చాయన్న అంకె ఒక్కటే నా దృష్టిలో మొత్తం బ్రోచర్ కంటే విలువైనది. పది సెకన్లలో ఫిక్స్ ఇచ్చి యాభైలో మూడు తప్పులు చేసే రిసీవర్ కంటే, నిమిషం తీసుకుని ఒక్క తప్పూ చేయనిది హద్దుల పనికి ఎన్నో రెట్లు మేలు.

ఇప్పటికే వాడుతున్న పాత రిసీవర్‌ను, కొత్తదాన్ని ఒకే బేస్ నుంచి, ఒకే బిందువు మీద, పది నిమిషాలకొకటి చొప్పున మార్చి మార్చి పెడితే పోలిక న్యాయంగా ఉంటుంది. పాతదాన్ని ఉదయం, కొత్తదాన్ని సాయంత్రం పరీక్షించి తీర్పు చెప్పడం సరికాదు. వేళ ఎంపిక కూడా ముఖ్యమే. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో సూర్యాస్తమయం తర్వాత కొన్ని గంటల పాటు అయనావరణంలో కల్లోలం పెరిగి సంకేతాలు మిణుకుమిణుకుమంటాయి. సూర్యుని చురుకుదనం ఎక్కువగా ఉన్న సంవత్సరాల్లో అది మరింత తీవ్రంగా ఉంటుంది. 2024 మే నెలలో వచ్చిన భూ అయస్కాంత తుఫాను సమయంలో ఆర్‌టీకే మీద ఆధారపడిన ట్రాక్టర్లు కూడా దారి తప్పాయి. ఆ అక్షాంశాల్లో పనిచేసేవారు ఒక సిరీస్‌నైనా మధ్యాహ్నం తర్వాత, వీలైతే సంధ్య దాటాక తీయాలి.

వంపు సవరణ ఇప్పటి రిసీవర్లలో ప్రధాన ఆకర్షణ. లోపలి ఐఎంయూ (కదలికను, వంపును పసిగట్టే సెన్సర్) సాయంతో పోల్ వంగి ఉన్నా మొన స్థానాన్ని లెక్కిస్తుంది. దీన్ని పరీక్షించడానికి నేలలో దిగగొట్టిన మేకు తలమీది గుంటలో పోల్ మొనను ఆనించి, మొదట నిలువుగా కొలిచి, తర్వాత 15, 30, 45 డిగ్రీల వంపుల్లో, ఒక్కో వంపుకూ నాలుగు దిక్కుల్లో కొలవాలి. 2 మీటర్ల పోల్‌ను 30 డిగ్రీలు వంచితే యాంటెన్నా ఒక మీటరు పక్కకు జరుగుతుంది. అంత జరిగినా మొన స్థానం రెండు సెంటీమీటర్లలోపే ఉంటే సవరణ బాగా పనిచేస్తున్నట్టు. నాలుగు దిక్కుల్లోని ఫలితాలు నిలువు కొలత చుట్టూ వలయంలా పరచుకుంటే పోల్ పొడవు తప్పుగా ఇచ్చారేమో చూడాలి. ఒకే వైపుకు జరిగితే నిలువు కొలతలోనే దోషం ఉందేమో, అంటే బబుల్ తప్పేమో చూడాలి. కదలకుండా రెండు నిమిషాలు నిలబడి, వెంటనే వంచి కొలవడం మరో ఉపయోగకరమైన ప్రయోగం, ఎందుకంటే కదలిక లేనప్పుడు ఐఎంయూ దిశా జ్ఞానం మెల్లగా సడలుతుంది, మంచి పరికరం ఆ విషయం గుర్తించి మళ్లీ నడవమని అడుగుతుంది. అయితే వంపు సవరణ ఉపగ్రహ స్థానంలోని లోపాన్ని సరిచేయదు. తప్పుడు ఫిక్స్ మీద ఎంత చక్కని సవరణ చేసినా మిగిలేది తప్పే.

కొత్త రోవర్ (బిందువుల మీదకు తీసుకెళ్లే రిసీవర్) పాత బేస్‌తో కలిసి పనిచేయాల్సి ఉంటే వాటి పొత్తును విడిగా చూడాలి. సవరణలు పంపే ప్రామాణిక రూపమైన ఆర్‌టీసీఎం 3 సందేశాలను రెండూ అర్థం చేసుకున్నా, వాటిలో అన్ని కూటముల కొలతలనూ మోసే ఎంఎస్‌ఎం సందేశాలను పాత బేస్ పంపకపోతే గెలీలియో, బైడూ సంకేతాల వల్ల కలగాల్సిన లాభం దక్కదు. రష్యా గ్లోనాస్ ఉపగ్రహాలు వేర్వేరు పౌనఃపున్యాల్లో ప్రసారం చేస్తాయి కాబట్టి రెండు వేర్వేరు తయారీల రిసీవర్ల మధ్య వాటి కొలతల్లో చిన్న పక్షపాతాలు ఏర్పడతాయి. బేస్ యాంటెన్నా పేరు సందేశంలో సరిగ్గా చేరకపోతే ఎత్తులో సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఎన్‌ట్రిప్ ద్వారా, అంటే ఇంటర్నెట్ మీదుగా, సవరణలు తీసుకునేవారు వాటి డేటమ్ (కోఆర్డినేట్లకు ఆధారమైన ప్రమాణ చట్రం) ఏమిటో, తమ కంట్రోల్ పాయింట్ల డేటమ్ ఏమిటో ముందే తెలుసుకోవాలి. పని మధ్యలో ఇంటర్నెట్‌ను కావాలనే ఆపి, సవరణ వయసు (చివరి సవరణ అందాక గడిచిన సమయం) పెరుగుతున్నకొద్దీ పరికరం ఎన్ని సెకన్లు ఫిక్స్ చూపిస్తూ ఉంటుందో, ఆ సమయంలో స్థానం ఎంత జారుతుందో రాసుకోవాలి. గెలీలియో హై యాక్యురసీ సేవ వంటివి 2023 నుంచి ఉచితంగా అందుతున్నా, వాటి లక్ష్యం అడ్డంగా 20 సెం.మీ. స్థాయి మాత్రమే కాబట్టి వాటిని హద్దుల పనికి ఆర్‌టీకే ప్రత్యామ్నాయంగా లెక్కించకూడదు.

రిసీవర్ ముడి కొలతలను రైనెక్స్ అనే సార్వత్రిక ఫైల్ రూపంలో ఇవ్వగలదా అన్నది తప్పనిసరిగా చూడాలి. తెలిసిన బిందువు మీద కొన్ని గంటల స్టాటిక్ (కదలకుండా నిలిపి తీసే) కొలత తీసి, కెనడా ప్రభుత్వ సీఎస్‌ఆర్‌ఎస్-పీపీపీ వంటి ఉచిత ఆన్‌లైన్ సేవకు పంపి, వచ్చిన ఫలితాన్ని ఆర్‌టీకే ఫలితంతో పోలిస్తే, తయారీదారు సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని సాక్ష్యం దొరుకుతుంది. రెండూ ఒకే డేటమ్‌లోకి, ఒకే కాలానికి మార్చాకే పోల్చాలి. కంట్రోలర్‌లోని జియాయిడ్ (సగటు సముద్ర మట్టాన్ని సూచించే ఉపరితలం) నమూనా ఏదో కూడా అప్పుడే చూడవచ్చు: ఎలిప్సాయిడ్ (భూమి ఆకారపు గణిత నమూనా) ఎత్తు నుంచి జియాయిడ్ ఎత్తును తీసివేసి, చేత్తో లెక్కించిన విలువ తెరమీది విలువతో సరిపోవాలి.

బ్యాటరీ ఎంతసేపు వస్తుందో ఎండలో, రేడియో నడుస్తుండగా చూడాలి. ఐపీ 67 అంటే దుమ్ము చొరబడదనీ, మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందనీ అర్థమే తప్ప పోల్ మీద నుంచి పడితే తట్టుకుంటుందని కాదు. వంపు సవరణ, అదనపు పౌనఃపున్యాలు, రైనెక్స్ నమోదు వంటివాటిలో ఏవి కొనుగోలు ధరలో ఉన్నాయో, ఏవి ఏటేటా చందా కట్టాల్సినవో లిఖితపూర్వకంగా అడగాలి. ఫర్మ్‌వేర్ ఎన్నేళ్లు ఇస్తారన్నది కూడా చిన్న ప్రశ్న కాదు. 2019 ఏప్రిల్ 6న జీపీఎస్ వారాల లెక్క సున్నాకు తిరిగినప్పుడు నవీకరణ అందని కొన్ని పాత రిసీవర్లు తేదీలను తప్పుగా చూపించాయి.

కొన్న తర్వాత పరీక్షా బిందువులను చెరిపేయవద్దు. ప్రతి ఫర్మ్‌వేర్ నవీకరణ తర్వాత తెరిపి స్థలంలో ఒక సిరీస్, చెట్టు కింద ఇరవై రీసెట్లు చేసి, మొదటి రోజు రాసుకున్న పట్టిక పక్కనే కొత్త అంకెలు రాస్తే, కొత్త వెర్షన్‌లో ఫిక్స్ వేగం పెరిగిన చోట తప్పుడు ఫిక్స్‌లు కూడా పెరిగాయేమో తెలిసిపోతుంది.