పాత అంబాసిడర్ మరమ్మతు, 7వ పాఠం: సీటు పట్టాలను తిరిగి బిగించడం

గత పాఠంలో తుప్పు పట్టిన సీటు పట్టాలను, అంటే సీటు ముందుకూ వెనక్కూ జరిగే ఇనుప పట్టాలను, నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) నీటిలో నానబెట్టడం దాకా వచ్చాము. ఈ విడతలో నేరుగా బిగింపులోకి వెళ్ళాలనుకున్నాను, కానీ ఆ పాఠం చేసి చూసినవారిలో చాలామంది రెండు చోట్ల ఆగిపోయారు. కొందరి పట్టాలు నీటిలోంచి తీసినప్పుడు బూడిద రంగులో శుభ్రంగా ఉండి, తెల్లవారేసరికి మళ్ళీ నారింజ రంగు పొడి కట్టాయి. మరికొందరు సీటును జరిపిన చోట నిలిపే తాళం స్ప్రింగు తగిలించబోయేసరికి అది పుటుక్కున విరిగింది. ఈ రెండూ తేలకుండా ముందుకు పోలేము.

మొదటిదానికి కారణం పట్టా అంచుల మడతల్లో మిగిలిపోయిన ఆమ్లం. పైపైన నీళ్ళు పోస్తే అది బయటికి రాదు. పట్టాను వంట సోడా కలిపిన నీటిలో పది నిమిషాలు ముంచి, అటూ ఇటూ కదిపి, తరువాత మరిగే నీళ్ళు పోయండి. ఇనుము వేడెక్కి తడి తనంతట తానే ఆరిపోతుంది. ఆ వేడి చల్లారకముందే పల్చగా నూనె పట్టించాలి. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఈ పనిని సాయంత్రానికి వాయిదా వేయకండి.

రెండోది ఇంతకంటే తీవ్రమైనది. ఆమ్లం ఇనుముతో కలిసినప్పుడు హైడ్రోజన్ పుడుతుంది, అందులో కొంత లోహంలోకి చొచ్చుకుపోతుంది. పట్టాలది మెత్తని ఉక్కు కనుక దానికి పెద్దగా హాని లేదు. గట్టిపరచిన ఉక్కుతో చేసిన స్ప్రింగు మాత్రం పెళుసెక్కి, బిగువు పడగానే విరుగుతుంది. అందుచేత ఆమ్లంలో మునిగిన స్ప్రింగు ఇంకా విరగకపోయినా దానిని నమ్మకండి. అదే మందం, అదే పొడవు ఉన్న కొత్త స్ప్రింగు వేయండి. ఇకమీదట స్ప్రింగులను, పట్టాల మధ్య తిరిగే బాల్స్‌ను కిరోసిన్‌తో, ఇత్తడి బ్రష్‌తో మాత్రమే శుభ్రం చేయాలి.

పెయింటు గురించి ఎక్కువ చెప్పను. బయటి ముఖాలకు ప్రైమరు, ఒక పూత నలుపు చాలు. పట్టాలు ఒకదానిలో ఒకటి జారే చోట పెయింటు అసలు పడకూడదు. గ్రీజులో నేను లిథియం గ్రీజునే వాడతాను, అదీ వేలితో రాసి తుడిచేసినంత పల్చగా.

ఇప్పుడు అసలు చిక్కు. పట్టాలు విడిగా చేతిలో వెన్నలా జారతాయి, బండిలో బిగించగానే మొరాయిస్తాయి. అప్పుడు చాలామంది ఇంకాస్త గ్రీజు పూస్తారు. నన్ను బాగా నొప్పించే పని ఇదే, ఎందుకంటే ఆ బిగువుకు గ్రీజుతో సంబంధమే లేదు. రెండు పట్టాలు సమాంతరంగా లేకపోవడమో, నేల ఎగుడుదిగుడుగా ఉండి బోల్టు బిగించిన కొద్దీ పట్టా మెలి తిరగడమో దానికి కారణం. బెంచ్ సీటు ఉన్న పాత మోడళ్ళలో రెండు పట్టాల మధ్య దూరం ఎక్కువ కనుక ఈ లోపం మరింత బాధిస్తుంది. బీరువా సొరుగును ఒక మూల పట్టుకుని లాగితే అడ్డంగా బిగుసుకున్నట్టే సీటూ బిగుసుకుంటుంది.

ముందుగా కింది పట్టాను బోల్టులు లేకుండా నేలమీద పెట్టి, ఒక చివర వేలితో నొక్కండి. రెండో చివర లేచిందంటే అక్కడ ఖాళీ ఉందన్నమాట. ఆ ఖాళీ మందానికి సరిపడే వాషరును బోల్టు రంధ్రం కింద వేయాలి తప్ప, బోల్టుతో పట్టాను నేలకు లాగకూడదు. తరువాత పట్టాల మధ్య దూరాన్ని ముందు, వెనుక కొలవండి, ఐమూలగా కూడా రెండు వైపులా కొలవండి. ఈ జతలలో దేనిలోనూ తేడా ఒక మిల్లీమీటరు దాటకూడదు. బోల్టులన్నీ వదులుగా ఉంచి సీటు ఎక్కించి, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కొన్నిసార్లు జరపండి. పట్టాలు తమ చోటు తామే చూసుకుంటాయి. అప్పుడు సీటును పూర్తిగా వెనక్కి నెట్టి ముందు బోల్టులు, పూర్తిగా ముందుకు లాగి వెనుక బోల్టులు బిగించండి. ఒక్కో బోల్టు బిగించాక సీటును మళ్ళీ జరిపి చూడండి. బిగువు తగిలితే చివరగా బిగించిన బోల్టు దగ్గరే లోపం ఉంది.

తాళం కొన్ని సీట్లకు ఒక వైపే ఉంటుంది, కొన్నిటికి రెండు వైపులా. రెండు వైపులా ఉంటే, లీవరు వదలగానే రెండు తాళాల నాలుకలూ, అంటే గాటులో దిగి సీటును పట్టి ఉంచే ముక్కలు, పట్టాల మీది ఒకే వరుస గాట్లలో పూర్తిగా దిగాలి. ఒకటి దిగి మరొకటి అంచుమీద నిలిస్తే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు సీటు జారి డ్రైవరు స్టీరింగు మీద పడే ప్రమాదం ఉంది. నాలుక కొసగానీ గాట్ల అంచులుగానీ అరిగి గుండ్రంగా మారితే వెల్డింగుతో నింపకండి, ఆ భాగాన్ని మార్చండి. హిందుస్థాన్ మోటార్స్ 2014లో అంబాసిడర్ తయారీని ఆపేసింది కనుక, మంచి పాత పట్టా కనబడినప్పుడే తీసి పెట్టుకోవడం మేలు.

అభ్యాసం: బండి కదలకుండా ఉన్నప్పుడు, ఇంట్లో అందరికంటే బరువైన మనిషిని సీటులో కూర్చోబెట్టండి. మొదటి గాటు నుంచి చివరి గాటు దాకా, ఒక్కటీ వదలకుండా, లీవరు లాగి వదిలి, కాళ్ళు ముందు నేలకు తన్ని బలంగా వెనక్కి నెట్టమనండి. తరువాత స్టీరింగు పట్టుకుని ముందుకు గుంజమనండి. పట్టిన ప్రతి గాటు పక్కన సుద్దతో గీత పెట్టండి. ఒక్క గాటు పట్టకపోయినా బోల్టులన్నీ వదులు చేసి, వాషర్ల దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. అన్నీ పట్టాక వంద కిలోమీటర్లు నడిపి, బోల్టుల బిగువు మరొకసారి చూసుకోండి.